బలిపీఠం పైన మాంసంకొట్టు గొర్రె

మనిషి బొమ్మ గోడకెక్కిందంటే ఆ మనిషి ఏదో సాధించాడని అర్థం. జంతువు బొమ్మ కొట్టు నెత్తికెక్కిందంటే ఆ కొట్లో దాని పని అయిపోయిందని అర్థం. ఈ రెండో రకం బొమ్మలకు ఆ ఊళ్ళో ముప్పై ఎనిమిదేళ్ళు ఏకఛత్రాధిపత్యం వహించినవాడు బోర్డు మేస్త్రి. మాంసం కొట్టు మీద మేక, గుడ్ల కొట్టు మీద పెట్ట, చేపల కొట్టు మీద చేప, పాలకేంద్రం మీద ఆవు, తాళాల కొట్టు మీద సింహం. బస్టాండు నుంచి రైలుగేటు దాకా ఏ జీవి తలెత్తుకుని నిలబడ్డా అది ఆయన చేతి చలవే.

ఆయనకొక శాస్త్రం ఉంది. ఎవరూ రాయలేదు గనుక ఎవరూ ఖండించనూ లేదు. దాని ప్రకారం బోర్డు మీది జంతువు పుష్టిగా ఉండాలి, నవ్వుతూ ఉండాలి, అన్నిటికంటే ముఖ్యంగా దాని కన్ను రోడ్డు వైపు ఉండాలి.

"దారిన పోయేవాడి కన్నూ దాని కన్నూ కలవాలండీ," అని టీకొట్టు బల్ల మీద కూర్చుని ఉపదేశించేవాడు. "కలిస్తే అడుగు ఆగుతుంది. అడుగు ఆగితే సంచీ నోరు తెరుచుకుంటుంది. కన్ను పక్కకి పోయిందా, ఆ బోర్డుకి కొట్టిన మేకులు దండగ."

ఈ శాస్త్రం మహిమ వల్ల ఊళ్ళోని కోళ్ళన్నీ తమను వండుకోమని స్వయంగా బతిమాలుతున్నట్టు ఉండేవి. తన కోతకు తానే స్వాగతం పలికే అంతటి త్యాగబుద్ధి ఋషుల్లో కూడా అరుదు. మాంసం కొట్టు మేక అయితే ముందుకాలు ఒకటి కొంచెం ఎత్తి, "రండి, లోపల చల్లగా ఉంది" అన్నట్టు చూసేది.

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. మేస్త్రి బావమరిది కూడా బావ బతుకు మనస్ఫూర్తిగా కోరుతూనే పక్క వీధిలో ఫ్లెక్సీల మెషిన్ పెట్టాడు.

"బావా, నీ మేక ఆరడానికి నాలుగు రోజులు. నా మేక నాలుగు నిమిషాలు," అనేవాడు.

"నీ మేక ఆర్నెల్లకి వెలిసిపోయి కుందేలవుతుందిరా. నా మేక ఇరవయ్యేళ్ళయినా మేకే."

"ఇరవయ్యేళ్ళు ఒకే మేకని ఎవడు చూస్తాడు బావా? మా అక్కంటే తప్పక చూస్తోంది నిన్ను."

ఇలా బావాబావమరుదులు ఒకరి వృత్తిని ఒకరు పూడ్చిపెట్టుకుంటూ, ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఒకే పీటల వరసలో కూర్చుని భోంచేసేవారు. వడ్డించేది మేస్త్రి భార్య. ఆవిడ బాధ వేరు.

ఆవిడ చర్చిలో ఎడమవైపు మూడో బెంచీ, స్తంభం పక్క చోటు. ఇరవై ఆరేళ్ళుగా ఆ చోటు ఆవిడది. పక్కన కూర్చునే ఆడవాళ్ళలో ఒకరి భర్త పోస్టాఫీసు, ఒకరి భర్త బ్యాంకు. "మీవారేం చేస్తారు?" అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే "బొమ్మలు గీస్తారు" అని చెప్పి, ఏం బొమ్మలని అడిగేలోపు పాటల పుస్తకం తెరిచేది. ఊరంతా మొగుడి చేతిపని వేలాడుతూ ఉంటుంది. ఒక్కదాని వైపు వేలెత్తి చూపించుకునే భాగ్యం లేదు. ప్రార్థన ముగించుకుని ఆ ఆడవాళ్ళతో కలిసి ఇంటికొచ్చే దారిలోనే ఆ మాంసం కొట్టు. దాని ముందుకు రాగానే మేక ఆవిణ్ణి చూసి చుట్టరికం కలుపుకున్నట్టు నవ్వేది. ఆవిడ కొంగు సర్దుకుని అవతలి పక్కకి చూసేది.

ఇలా ఉండగా ఒక వానాకాలంలో చర్చి కప్పు కారింది.

బలిపీఠం వెనక కమాను పైన వరసగా అయిదు గుండ్రటి బొమ్మలుండేవి, నడిమది గొర్రెపిల్ల. వందేళ్ళ కిందట ఎవరో గీశారు. చెమ్మ ఎక్కి ఎక్కి అవి బొమ్మలన్న సంగతి కూడా పెద్దవాళ్ళు చెబితేనే తెలిసే స్థితికి వచ్చాయి. కప్పు బాగుచేయించాక, ఒక ఆదివారం ప్రార్థనకు వచ్చినవాళ్ళ ఎదుటే ఫాదర్ కమిటీని పిలిచి, నెలాఖరు ఆదివారం బిషప్ గారు వస్తున్నారు, ఈ గోడ సంగతి తేల్చండి అన్నారు. కమిటీ పెద్ద రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకు ప్రతి సమస్యకూ జవాబు ఒక్కటే ఉండాలి. ఈసారి ఆ జవాబు ఫ్లెక్సీ.

బావమరిది అప్పటికే వచ్చి కూర్చున్నాడు. "ఇంటర్నెట్లో దేవుని గొర్రెపిల్ల పన్నెండు రకాలు చూశానండీ. ఒకదాని చుట్టూ మెరుపులు కూడా ఉన్నాయి."

అప్పుడు మేస్త్రి భార్య లేచి నిలబడింది. ఇరవై ఆరేళ్ళలో ఆవిడ ఆ చర్చిలో పాటకు తప్ప గొంతు ఎత్తింది లేదు. "మావారు గీస్తారు," అంది.

లెక్కల మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అమ్మా, మీవారి చేతిపని మాకు తెలియనిది కాదు. ఆయన గీసినవన్నీ చూశాం. చాలావరకు తిన్నాం కూడా."

అందరూ నవ్వారు. సొంత తమ్ముడు కూడా నవ్వి, అక్క చూపు తగిలి మధ్యలో ఆపేశాడు.

"బాగా రాకపోతే ఆ గోడకి నా చేత్తో నేనే సున్నం వేస్తాను," అంది ఆవిడ. "వేసి, మూడో బెంచీలో నా చోటు ఖాళీ చేస్తాను. వెనక తలుపు దగ్గర కూర్చుంటాను. సరేనా?"

కమిటీ ఒప్పుకుంది. బిషప్ గారు వచ్చే ఆదివారానికి ముందు శుక్రవారం సాయంత్రం వచ్చి చూస్తామనీ, అప్పటికి తృప్తిగా లేకపోతే ఫ్లెక్సీ కడతామనీ, ఆవిడన్న బెంచీ మాట కూడా ఖాయమనీ తీర్మానం రాశారు. బావమరిది మెరుపుల గొర్రెపిల్లను ముందే అచ్చువేసి, చుట్టచుట్టి చర్చి సామాన్ల గదిలో మూల నిలబెట్టాడు, ప్రయాణమయ్యేవాళ్ళకి గొడుగు ఇచ్చినట్టు.

ఈ కబురు విని మేస్త్రి చాలాసేపు కుంచెలు కడుగుతూ ఉండిపోయాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"నన్నొక మాట అడగాల్సింది," అన్నాడు.

"అడిగితే వద్దనేవాళ్ళు."

"అవును."

"అందుకే అడగలేదు. అన్నం తినండి."

మర్నాడే మేస్త్రి పరంజా ఎక్కాడు. పాత బొమ్మలు గోకి పారేసే ముందు వాటి గీతలు ఎత్తి ఉంచుకోవడం పెద్ద మేస్త్రీల పద్ధతి. బొమ్మ మీద ఖాకీ కాగితం పరిచి, వేళ్ళతో తడుముతూ బొగ్గుతో గీత ఎత్తుతారు. కంటికి కనబడని గీత వేలికి తగులుతుంది. ఆయన గీతలు ఎత్తుతుంటే ఫాదర్ కింద నిలబడి ఒక్కో జంతువు కథా చెప్పారు. మొదటిది గూడబాతు, పొడుగు ముక్కు కింద సంచీ వేలాడే నీటిపక్షి.

"తన రొమ్ము తానే ముక్కుతో చీల్చుకుని, ఆ రక్తంతో పిల్లల్ని బతికిస్తుందని పూర్వం నమ్మేవాళ్ళు. అందుకని అది క్రీస్తు త్యాగానికి గుర్తయింది."

"నిజంగా చీల్చుకుంటుందాండీ?"

"లేదు. చేపలు తెచ్చి పెడుతుంది."

"మరి?"

"చేపలు తేవడం అందరూ చేసేదే కదా మేస్త్రిగారూ. దానికి గుళ్ళో బొమ్మెందుకు?"

భోజనం కారియర్ తెచ్చిన మేస్త్రి భార్య ఇది విని, "అది ఆడదే అయ్యుంటుందండీ ఫాదర్," అంది. "మగదైతే ఈపాటికి ఆ రొమ్ము చూపించుకుంటూ నాలుగు కొమ్మలూ తిరిగొచ్చేది." ఫాదర్ ఈ వ్యాఖ్యానం ఏ గ్రంథంలోనూ చూడలేదని ఒప్పుకున్నారు.

రెండోది కోడి. ఆ క్రీస్తెవరో నేనెరగనని శిష్యుడు పేతురు మూడుసార్లు బొంకాక కూసిన కోడి, పశ్చాత్తాపానికి గుర్తు. నాలుగోది చేప, తొలినాటి విశ్వాసులు ఒకర్నొకరు ఆనవాలు పట్టడానికి నేల మీద గీసుకున్న గుర్తు. అయిదోది మార్కు సువార్తకు గుర్తయిన రెక్కల సింహం. నడిమధ్యన, అన్నిటికంటే పెద్ద చక్రంలో, క్రీస్తుకే మారుపేరైన దేవుని గొర్రెపిల్ల.

"గొర్రెపిల్ల జెండా ఎలా పట్టుకుంటుందండీ?" అన్నాడు మేస్త్రి, కాగితం కిందనుంచి వేలికి తగిలిన కర్రను తడుముతూ.

"ముందుకాలు మడిచి దాన్ని భుజానికి ఆనించుకుంటుంది. వధించబడి కూడా నిలబడ్డ గొర్రెపిల్ల అది. ఆ జెండా గెలుపు."

"మా బోర్డుల్లో వధించాక నిలబడ్డది ఇంతవరకు లేదండీ."

"అందుకే మీ బోర్డు వేరు, మా బోర్డు వేరు," అని ఫాదర్ ఎవరో పిలిస్తే వెళ్ళిపోయారు.

ఆయన అటు వెళ్ళాక మేస్త్రి గొర్రెపిల్ల తల గీత ఎత్తబోయి ఆగాడు. శరీరం కుడివైపు నడుస్తోంది. తల మాత్రం అటు లేదు. వేలితో ముందుకీ వెనక్కీ రెండుసార్లు తడిమాడు. మెడ వెనక్కి తిరిగి ఉంది. ఎంత చెమ్మ తిన్నదంటే కింద నిలబడి చూసినవాళ్ళకి అక్కడ తల ఉందో తెల్లటి మచ్చ ఉందో తెలియదు. మేస్త్రి మనసులో ఆ వందేళ్ళ కిందటి చిత్రకారుడి మీద జాలి పొంగింది. పాపం, ఒళ్ళంతా బాగానే గీశాడు, మెడ దగ్గరికొచ్చేసరికి చెయ్యి తప్పింది. పైనుంచి దిగి చూసుకోలేదు. తోటి పనివాడి తప్పు బయటపెట్టడం మర్యాద కాదు. మేస్త్రి ఆ కాగితాన్ని గుట్టుగా చుట్టి ఇంటికి పట్టుకుపోయాడు. గోడ మీద తలను ముందుకు తిప్పి గీద్దామని నిశ్చయించుకున్నాడు. ఈ సవరణ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత గోడ గోకి, లప్పం పెట్టి, నాలుగు బొమ్మలు రెండు వారాల్లో లాగించేశాడు. సింహం సులువు, తాళాల కొట్టు సింహానికి రెక్కలు తొడిగితే చాలు. కోడి చేతికి అలవాటైనదే. అయితే పేతురును ఏడిపించాల్సిన కోడి ఆయన్ని భోజనానికి పిలుస్తున్నట్టు ఉంది. చేప తళతళా మెరిసింది. దాని పక్కన నిమ్మచెక్క పెట్టబోయి ఆఖరి క్షణంలో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గూడబాతును కమిటీలో ఎవరూ చూసి ఉండలేదు గనుక అది ఏకగ్రీవంగా నెగ్గింది.

గొర్రెపిల్ల దగ్గర కథ అడ్డం తిరిగింది.

మొదటి గొర్రెపిల్ల పూర్తయిన రోజు లెక్కల మాస్టారు దారిలో తొంగిచూశాడు. గుండ్రటి తొడలు, వెన్న పూసినట్టు వీపు, భుజాన జెండా. తల నిటారుగా జనం వైపు పెట్టి గొర్రెపిల్ల ఆయన్ని చూసి నవ్వింది. మాస్టారు తన ఖాళీ చేతులు ఒకసారి చూసుకున్నాడు.

"మేస్త్రిగారూ, బొమ్మలో లోపం లేదు," అన్నాడు చివరికి. "కానీ దీన్ని చూస్తే ప్రార్థన గుర్తు రావడం లేదు. సంచీ ఇంట్లో మర్చిపోయి వచ్చానేమిటా అనిపిస్తోంది."

మేస్త్రి దాన్ని చెరిపి, పుష్టి తగ్గించి మళ్ళీ గీశాడు. ఈసారి ఫాదర్ చూసి ఎంతో సౌమ్యంగా, "దీనికి ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగారు. మూడోసారి నవ్వు తీసేసి రెండు కన్నీటి చుక్కలు పెట్టాడు. దాన్ని చూడ్డానికి బావమరిది వచ్చాడు.

"బావా, కోపం తెచ్చుకోకు."

"చెప్పు."

"ఉల్లిపాయలు కూడా అప్పుడే తరిగి పెట్టినట్టుంది."

మేస్త్రి నిచ్చెన మీద కూర్చుండిపోయాడు. అప్పటికి మంగళవారం. ఆ మూడు గొర్రెపిల్లలూ ఒళ్ళు మారినా, మూతి మారినా, కన్ను మాత్రం మారలేదు. అవి జనం వైపే చూస్తున్నాయి. వచ్చినవాణ్ణి వచ్చినట్టే పట్టుకుంటున్నాయి. ముప్పై ఎనిమిదేళ్ళ చెయ్యి అది, మాట వినదు.

బుధవారం రాత్రి భార్య భోజనం వడ్డించింది. మజ్జిగ పోస్తూ, "మీ జంతువులు నన్ను చూసి నవ్వుతుంటే ముప్పయ్యేళ్ళు ఓర్చుకున్నాను. ఈ ఒక్కటి నన్ను చూసి నవ్వకపోతే చాలు," అంది. అప్పుడు మేస్త్రి కళ్ళ ముందు చర్చి గోడ కనబడలేదు. వెనక తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట, ఒంటరిగా వేసిన బెంచీ కనబడింది.

గురువారం పొద్దున్నే ఆయన మాంసం కొట్టుకి వెళ్ళాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ మేకను చూసి మేకను గీసింది లేదు. మొన్నటి బోర్డు చూసి ఇవాళ్టి బోర్డు గీశాడు. బతికున్న గొర్రెపిల్లను ఎదురుగా పెట్టుకుని చూస్తే దారి దొరుకుతుందేమోనని చివరి ఆశ.

కొట్టు యజమాని భారీ మనిషి, మాట మాత్రం మెత్తన. పని మొదలుపెట్టే ముందు పేపర్లో వాతావరణం కాలమ్ చదవడం ఆయన అలవాటు. మేస్త్రిని వెనక దొడ్లోకి తీసుకెళ్ళాడు. కర్రల కంచె లోపల ఎనిమిదో తొమ్మిదో గొర్రెలు గడ్డి నములుతున్నాయి.

"నా వైపు చూసేట్టు ఒకదాన్ని నిలబెట్టగలవా?" అన్నాడు మేస్త్రి.

"చూడవు మేస్త్రీ."

"ఎందుకు చూడవు? గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా?"

కొట్టు యజమాని పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆ సామెత ఆయన ఇంతకుముందు వినకపోలేదని మొహం చెబుతోంది.

"ఆ సామెత కట్టినవాడు ఎప్పుడూ తాడు పట్టుకోలేదు. నేను మా నాన్నతో కలిపి నలభయ్యేళ్ళుగా పట్టుకుంటున్నా. తాడు కట్టి బయటికి నడిపిస్తానా, ఒక్కటంటే ఒక్కటి నా మొహం చూసింది లేదు. కాళ్ళు నాతో వస్తాయి. తల వెనక్కి తిరుగుతుంది."

"వెనక్కా?"

"కంచెలో ఉన్నవాటి వైపు."

"భయమా?"

"భయమైతే తన్నుకుంటుంది, అరుస్తుంది. అది వేరే. ఇది అలా కాదు." ఆయన చెప్పడానికి మాట కోసం వెతుక్కున్నాడు. వాతావరణం కాలమ్‌లో అలాంటి మాటలు ఉండవు. "ఇంట్లోంచి పెద్దావిడ ఊరికి బయల్దేరుతుంది చూడు. గుమ్మం దిగి ఒకసారి వెనక్కి చూస్తుంది. అందరూ ఉన్నారా అని. అట్లా ఉంటుంది."

మేస్త్రి కంచె కర్ర పట్టుకుని నిలబడిపోయాడు. ఆయన వేలికి గుర్తుంది. కాగితం కింద, గోడ మీద, చెమ్మలో, వెనక్కి తిరిగిన మెడ.

"వందేళ్ళ కింద గీసినవాడు..." అన్నాడు.

"ఎవరు?"

"నాకంటే మంచి మేస్త్రి," అని చెప్పి వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తాడు.

ఇంట్లో ఆ ఖాకీ కాగితం ఎక్కడ పెట్టాడో గుర్తు లేదు. మంచం కింద లేదు, రంగుల పెట్టెలో లేదు. చివరికి వంటింట్లో, అలమర పై అరలో, పప్పుల డబ్బాల కింద ఖాకీ అంచు కనబడింది. మంచి మందపాటి కాగితం కదా అని భార్య కొలతకు మడిచి డబ్బాల కింద పరిచింది. ఆయన లాగాడు. డబ్బాలు వరసగా కిందికి దిగాయి, మూతలు ఊడి.

భార్య పరుగున వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏమిటి వెతుకుతున్నారు?"

"మెడ."

"ఏమిటీ?"

మేస్త్రి పప్పుల మధ్య కూర్చుని కాగితం విప్పాడు. తల వెనక్కి తిరిగిన గొర్రెపిల్ల. దాచిన సంగతంతా చెప్పాడు. భార్య నడుం మీద చేతులు పెట్టుకుని ఓపిగ్గా విన్నది.

"అంటే వందేళ్ళ కిందటి ఆయనకి మెడ గీయడం రాదని మీరు తీర్మానించేశారన్నమాట."

"చెయ్యి తప్పిందనుకున్నా."

"చెయ్యి తప్పితే అన్ని గీతలూ అంత సాఫుగా ఎందుకుంటాయి? చూడండి, చెవి దగ్గర ఎంత నాజూగ్గా తిప్పాడో. పప్పులు తీసుకునేటప్పుడు రోజూ చూస్తున్నా, బాగుందే అనుకున్నా. నన్ను అడగొచ్చుగా?"

"నువ్వు నన్ను అడిగావా, కమిటీలో లేచేముందు?"

ఆవిడకి నవ్వు వచ్చింది. ఆపుకుంది. ఆపుకున్నదీ కనబడింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి చర్చికి వెళ్ళారు. కన్నీటి గొర్రెపిల్లను మేస్త్రి చెరిపేశాడు. కాగితంలో గీతల పొడవునా సూదితో చిల్లులు పొడిచింది ఆవిడ. కుట్టుపని వచ్చిన చెయ్యి. కాగితాన్ని గోడకి ఆనించి పట్టుకున్నదీ ఆవిడే. మేస్త్రి బొగ్గుపొడి కట్టిన గుడ్డమూటతో దాని మీద తట్టాడు. కాగితం తీసేసరికి గోడ మీద చుక్కలు చుక్కలుగా గొర్రెపిల్ల నిలబడింది. ఆ చుక్కల్ని ఆయన సవరించలేదు. అందులోని మెడను అందులోనే ఉంచి, దాని ఒళ్ళు కొట్లో కంచె వెనక చూసిన ఒళ్ళులాగే, లావూ సన్నమూ కాకుండా గీశాడు. మూతి మామూలు మూతి. గొర్రె నవ్వదు, ఏడవదు, నములుతుంది. ఆఖరున కన్ను. దానికి శుక్రవారం మధ్యాహ్నం దాకా పట్టింది. కన్నులో నల్లచుక్క ఒక వరిగింజంత అటో ఇటో అయితే చూపు మారిపోతుంది. మూడుసార్లు పరంజా దిగి, వెనక తలుపు దాకా నడిచి, తిరిగి చూసుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం కమిటీ వచ్చింది. బావమరిది సామాన్ల గదిలోంచి ఫ్లెక్సీ చుట్ట తీసి చంకలో పెట్టుకుని వచ్చాడు, తీర్మానం తీర్మానమే. లెక్కల మాస్టారు పైకి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని మళ్ళీ చూశాడు.

"ఇది నన్ను చూడ్డం లేదు," అన్నాడు. కొంచెం నొచ్చుకున్నట్టే ఉంది.

"చూడదండీ," అన్నాడు మేస్త్రి.

"మరి ఎవర్ని చూస్తోంది?"

"వెనకున్నవాళ్ళని. అందరూ ఉన్నారా అని."

మాస్టారు ఆ చూపు వెంట తల తిప్పాడు. ఆయన్ని చూసి మిగతా కమిటీ కూడా తిప్పింది. అయిదుగురు పెద్దమనుషులు, కాళ్ళు బలిపీఠం వైపు, తలలు వెనక్కి. ఎడమవైపు బెంచీలు ఖాళీగా ఉన్నాయి. మూడో బెంచీ దగ్గర, స్తంభం పక్కన, మేస్త్రి భార్య వంగి నేల మీద రాలిన బొగ్గుపొడి ఊడుస్తోంది. అందరూ తనవైపే చూస్తున్నారని గమనించి చీపురు వెనక్కి దాచుకుంది.

ఆ చిన్న నల్లచుక్కకు అంత బరువు ఉంటుందని మేస్త్రికే తెలియదు.

ఫాదర్ మెల్లగా గొంతు సవరించుకున్నారు. "పాత బొమ్మల్లో చాలాచోట్ల తల ఇలా తిప్పే ఉంటుంది. నాకిప్పుడు గుర్తొస్తోంది. జెండా వైపు చూస్తోందని పుస్తకాల్లో రాస్తారు."

"పుస్తకం రాసినవాళ్ళు తాడు పట్టుకున్నారాండీ?" అన్నాడు మేస్త్రి.

ఫాదర్ ఆలోచించి, పట్టుకుని ఉండరని ఒప్పుకున్నారు.

లెక్కల మాస్టారు బావమరిది వైపు తిరిగాడు. "బాబూ, ఆ చుట్ట ఇంటికి పట్టుకుపో. మీ మెరుపులు మాకొద్దు." తర్వాత బెంచీల వైపు చూసి, గొంతు తగ్గించి, "అమ్మా, ఆ చోటు మీదే. ఎప్పుడూ మీదే. ఏదో మాటవరసకి రాశాం," అన్నాడు.

"రాసినది చింపేయండి మరి," అంది ఆవిడ, చీపురు ముందుకు తీసి.

ఆదివారం బిషప్ గారు వచ్చారు. గోడ వైపు చాలాసేపు చూశారు. గొర్రెపిల్ల గురించి ఏమీ అనలేదు గానీ, ఆ చివర బొమ్మ చూపించి "ఇది బాతా?" అని అడిగారు. గూడబాతని ఫాదర్ చెప్పగా తృప్తిపడ్డారు. బయటికొచ్చాక పోస్టాఫీసు ఆవిడా, బ్యాంకు ఆవిడా మేస్త్రి భార్య చేతులు పట్టుకుని, "మీవారు గీసిందేనా?" అన్నారు.

"ఆ, ఏదో," అంది ఆవిడ. ఆ 'ఏదో' వినడానికి మేస్త్రి గేటు దగ్గర ఆగి చెప్పుల్లో లేని రాయి కోసం వెతుక్కున్నాడు.

ఇక్కడితో అందరూ సుఖంగా ఉండాలి. ఉన్నారు కూడా, మాంసం కొట్టు యజమాని తప్ప. పండుగల్లోపు మేకకు కొత్త రంగు వెయ్యమని ఆయన మేస్త్రిని పిలిచాడు. మేస్త్రి పుష్టి పెట్టాడు, ముందుకాలు ఎత్తాడు, మెడ దగ్గరికొచ్చేసరికి చెయ్యి మొరాయించింది. గీసిన ప్రతిసారీ మేక వెనక్కి చూసింది. వారం రోజులు ఆ బోర్డు అలాగే ఉంది. వచ్చేపోయేవాళ్ళు సంచీతో ఆగి, పైకి చూసి, ఎందుకో తామూ ఒకసారి వెనక్కి చూసుకుని, ఎదురుగా కూరగాయల కొట్టుకి నడిచారు.

"మేస్త్రీ, నా మేక నీ చర్చిలో చేరిందా ఏం?" అన్నాడు యజమాని దిగులుగా. "నీకు చెప్పినందుకు నాకే తగిలింది."

"నా వల్ల కాదు, మా బావమరిదిని పిలు," అన్నాడు మేస్త్రి. ఆయన నోట ఆ మాట వచ్చిందన్న వార్త సాయంత్రానికి ఊరంతా పాకింది. బావమరిది నాలుగు నిమిషాల్లో మేకను అచ్చువేసి కట్టాడు. పాత బోర్డును యజమాని పారెయ్యలేదు. వెనక దొడ్లో, కంచెకు ఎదురుగా తగిలించుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం మేస్త్రి భార్య చర్చి నుంచి ఆడవాళ్ళందరితో కలిసి వస్తూ, ముప్పయ్యేళ్ళలో మొదటిసారి మాంసం కొట్టు ముందు ఆగింది. ఫ్లెక్సీ మేకను ఎగాదిగా చూసింది. కింద తమ్ముడు నిచ్చెన మీద తాడు బిగిస్తున్నాడు.

"ఒరేయ్, ఇదేం మేకరా?"

"ఏమైందక్కా? పుష్టిగా ఉంది, నవ్వుతోంది..."

"కన్ను ఎటుంది? ఆకాశంలోకి చూస్తోంది. రోడ్డు వైపు ఉండొద్దూ? దారిన పోయేవాడి కన్నూ దాని కన్నూ కలవాలా వద్దా? కలవకపోతే ఆ తాళ్ళు దండగరా."

తమ్ముడు నిచ్చెన మీదే నోరు తెరిచాడు. "ఇవన్నీ నువ్వెప్పుడు నేర్చుకున్నావక్కా?"

"ముప్పయ్యేళ్ళు ఆ మేక మొహం చూశాను," అంది ఆవిడ. "దిగు. మీ బావని పిలుచుకొస్తా. కన్ను ఎక్కడ పెట్టాలో చెబుతారు."